పెద్దమ్మ ఆపిన బస్సులు

పోయిన నెల ఒక మధ్యాహ్నం స్కూల్ నుంచి వచ్చేసరికి మేముండే వరస గదుల చాల్ ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. పెద్దమ్మను ఆసుపత్రి నుంచి తెచ్చేశారు. ప్రాణం లేకుండా తెచ్చారు. ఆమె మా అమ్మకు సొంత అక్క, మా పక్క గదిలోనే ఉండేది.

చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. “కిడ్నీలు ఖరాబైనయట. నీళ్లే తాగకపోయేదట, పాపం.”

తప్పంతా ఆమెదే అన్నట్టు చెప్పుకున్నారు. ఎందుకు తాగేది కాదో ఒక్కరూ అడగలేదు. అక్కడ కూర్చున్న ఆడవాళ్లందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ నోరు విప్పలేదనే నా కోపం.

పెద్దమ్మ శాంతి నగర్‌లో ఒక మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. అంత పెద్ద షెడ్డులో ఆడవాళ్లు ఒంటికి వెళ్లడానికి ఒక చోటు లేదు. ఇక్కడి నుంచి మా సొంత ఊరికి వెళ్లే బస్సులోనూ అంతే. పెళ్లికో చావుకో మేమెక్కే ఆ ప్రైవేటు బస్సు మగవాళ్ల కోసం ఎక్కడైనా ఆగుతుంది. వాళ్లు రోడ్డు పక్కన వరసగా నిలబడతారు. మా ఆడవాళ్లు మాత్రం ప్రయాణమంటే ముందురోజు నుంచే నీళ్లు మానేస్తారు, బ్యాగు సర్దుకున్నంత మామూలుగా.

డాక్టరు గట్టిగా తిట్టాక పెద్దమ్మ మారింది. అప్పటికే ఆలస్యమైంది, అయినా మారింది. ఆ తర్వాత ఏ బస్సెక్కినా ముందు డ్రైవర్ దగ్గరికే వెళ్లేది.

“తమ్మీ, లైట్లున్న పెట్రోల్ బంకు కాడ ఆపాలె. రోడ్డు మీద చీకట్ల గాదు.”

“గట్ల కుదరదమ్మా. నడిమిట్ల స్టాపుల్లేవు.”

“నీకు చెట్టు కనవడ్తె స్టాపు, గుట్ట కనవడ్తె స్టాపు. మాకే లేదా?”

“ఏందమ్మా, బస్సుల బాత్రూం కట్టాల్నా?”

“కట్టు కొడుకా. తలుపు మేం పెట్టుకుంటం.”

బస్సంతా నవ్వేది. బస్సు ఆగేది.

బంకు దొరకని చోట సంచిలోంచి కోరా గుడ్డ తీసేది. మగ్గం మీంచి దిగి ఇంకా రంగు పడని బట్ట అది. ఆమె ఒక కొస, నేనొక కొస పట్టుకుంటే దాని వెనక ఆడవాళ్లు వెళ్లొచ్చేవారు. ఒంటరిగా ఎవరినీ దిగనిచ్చేది కాదు. చేతిలో టార్చి, కాళ్లకు చెప్పులు ఉండాల్సిందే. బస్సు నంబరు ఇంట్లోవాళ్లకు పంపాల్సిందే. నేను తల దించుకుంటే, “సిగ్గు బస్సు ఆపనోనికి ఉండాలె బిడ్డా, నీకెందుకు?” అనేది.

ఒక విషయం మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. పెద్దమ్మ లేకుండా వెళ్లిన ఒక ప్రయాణంలో నేను ఎవరినీ అడగలేక రోజంతా బిగబట్టుకున్నాను. తిరిగొచ్చాక ఒంటికి వెళ్తే మంట, పైగా జ్వరం. ఎవరికీ చెప్పలేదు. నేను కూర్చునే తీరు చూసి పెద్దమ్మే కనిపెట్టింది. గాజులు కొనిస్తానని అమ్మకు చెప్పి, ధామన్కర్ నాకా చౌరస్తా దగ్గర లేడీ డాక్టరుకు చూపించింది. వచ్చేటప్పుడు నిజంగానే గాజులు కొంది. “లేకుంటె మీ అమ్మ పోలీసు లెక్క అడుగుతది,” అంది.

అలాంటి మనిషి దినాలు ఊళ్లో చేయాలన్నారు. బయలుదేరే రోజు పొద్దున నేను గ్లాసు ఎత్తబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“నీళ్లు తాగకే. ఇగ బస్సు ఆపిచ్చేటందుకు అక్క లేదు.”

ఏడుస్తూనే అంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, మండిపోయింది. నీళ్లు మానేసి మానేసి పోయిన మనిషి దినాలకు వెళ్తూ మళ్లీ మేం నీళ్లు మానేయాలా? గ్లాసు ఖాళీ చేశాను. ఇంకొకటి తాగాను. తాగాక భయం మొదలైంది.

సాయంత్రం, వెలుతురు ఇంకా ఉండగానే, ఇక నావల్ల కాలేదు. లేచి డ్రైవర్ దగ్గరికి వెళ్లాను.

“అన్నా, ముందట బంకు కాడ ఆపుర్రి. ఆడోళ్లు దిగాలె.”

“ఇంకో రెండు గంటలు ఆగు పాపా. ఢాబా వస్తది.”

“నేనాగ. ఆపేదాంక ఈడనే నిలవడ్త.”

ముందు సీట్లో ఉన్న మా చాల్ పెద్దమనిషి నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. “ఇంగ్లీష్ మీడియం సదువుతున్నవు, గింత ఓపిక లేదా?”

డ్రైవర్ సీటు వెనక రాడ్డును రెండు చేతులా పట్టుకున్నాను. అప్పుడు వెనక నుంచి అమ్మ అరిచింది.

“ఓ డ్రైవరూ, ఇనవడ్తలేదా? పిల్ల ఆపుమంటున్నది!”

మా అమ్మ నలుగురిలో గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

బస్సు బంకులోకి తిరిగింది. నేను దిగాను. నా వెనక అమ్మ, అమ్మ వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. నేనెవరినీ రమ్మని పిలవలేదు. బస్సులోని ఆడవాళ్లు దాదాపు అందరూ దిగారు. అడిగే మనిషి కోసం ఎప్పటి నుంచి ఎదురుచూస్తున్నారో.

కాసేపటికి డ్రైవర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎవరూ తొందరపడలేదు. టైర్లకు గాలి కొట్టే చోట గట్టు మీద మా బస్సులో వచ్చిన ఒక ముసలామె కూర్చుని, జుట్టు విప్పుకుని, నింపాదిగా మళ్లీ ముడి వేసుకుంటోంది.