బావకు పెట్టని గాలి

ఆ దవాఖాన పేరు ఇక్కడ అక్కర్లేదు. కరీంనగర్ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ప్రాణం మీదికి వస్తే పరుగెత్తే సర్కారు దవాఖాన అంటే చాలు. అక్కడి అత్యవసర విభాగం గేటు దగ్గర నిలబడి "గట్టయ్య ఎవరు?" అని అడిగితే నలుగురు నాలుగు వైపులు చూస్తారు. "గాలి గట్టన్న ఏడి?" అని అడగండి, క్యాంటీన్ వాళ్లు సైతం గరిటె పక్కనపెట్టి వచ్చి చూపిస్తారు.

ఆక్సిజన్ అనే మాట నోరు తిరగక కాదు, గట్టయ్యకు అది మొదటినుంచీ గాలే. ప్లాంటు ఆడించడం, పైపుల్లో ఒత్తిడి చూసుకోవడం, కరెంటు పోతే సిలిండర్లు దొర్లించుకు రావడం అతని పని. ప్రతి మంచం తలాపున గోడలో ఒక రంధ్రం ఉంటుంది. దానికి మీటరు బిగించాలి. మీటరంటే ఓ గాజు గొట్టం, అందులో చిన్న గుండు. మర తిప్పితే గుండు పైకి లేస్తుంది, మనిషికి గాలి అందుతుంది. కాంట్రాక్టు కొలువే అయినా, ఆ గుండు లేచినప్పుడల్లా గట్టయ్య ఛాతీ కూడా ఓ అంగుళం లేచేది. ఆ మాత్రం గర్వం లేకపోతే ఆ జీతానికి ఎవరు చేస్తారు చెప్పండి!

దాని వెనుక వాళ్ల బాపు ఉన్నాడు. గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగి దిగి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకొని ఇంటికొచ్చిన మనిషి. చివరి రోజుల్లో మంచం మీద కూర్చుని, తలకింద పెట్టుకునే మెత్తను ఒళ్లో పెట్టుకొని దాని మీదికి వంగి ఎగపోసేవాడు. "కొడుకా, గా కిటికి తెరువు" అనేవాడు. కిటికీ తెరిచే ఉండేది. గట్టయ్య విసనకర్రతో విసిరేవాడు, చెల్లెలు సరోజన వీపు రాసేది. అట్లా విసురుతుండగానే బాపు పోయాడు. గాలి దొరికితే మనిషి బతుకుతాడు, దొరకకపోతే పోతాడు. గట్టయ్య చదివిన చదువు అంతా ఇంతే. ఆ తర్వాత వెల్డింగ్ గ్యాసు దుకాణంలో సిలిండర్లు మోసి, అక్కణ్నుంచి దవాఖానకు వచ్చాడు.

కరోనా కాలంలో ఆ చదువే నిజమైంది. ప్లాంటు పక్కనే గోనెసంచి పరుచుకొని పడుకున్నాడు. పెద్దపెద్ద వాళ్లు వచ్చి కాళ్లు పట్టుకున్నారు. బతికి బయటపడ్డ మంచిర్యాల లారీ డ్రైవరొకడు ఏటా సీతాఫలాల గంప తెచ్చి, "నువ్వు పెట్టిన గాలే అన్నా" అని దండం పెట్టి పోతాడు.

అటువంటి గట్టయ్య దగ్గరికి ఈ వానకాలంలో ఒక సాయంత్రం బావ రాజేశం నవ్వుకుంటూ వచ్చాడు. సరోజన మొగుడు. పదేళ్లు మస్కట్ ఎండలో ఇటుకలు మోసి, ఇక చాలని తిరిగొచ్చి, గంగాధర ఊరి అవతల పత్తి వేసుకుంటున్నాడు. తనే బండి నడుపుకొచ్చాడు, వెనుక సరోజన.

"ఏంది బావా, గిట్లొచ్చినవ్?" అన్నాడు గట్టయ్య.

"ఏం లేదు బావా. గడ్డిమందు పక్క చేనాయనా నేనూ చెరిసగం పంచుకున్నం. నా సగం కూల్‌డ్రింకు సీసల పోసి కొట్టంల పెట్టిన. దూపకు వచ్చి అదే ఎత్తిన. నాలిక మీద పడంగనే ఉమ్మేసినలే. మీ చెల్లె ఊకుంటదా, దవాఖానకు పోదాం పా అని ఒకటే లొల్లి."

మందు పంచుకోవడం, ఏ సీసా దొరికితే ఆ సీసాలో పోయడం ఊళ్లల్లో కొత్తేం కాదు. గట్టయ్య కూడా నవ్వి, "తాగుడు మానినవనుకున్న, గడ్డిమందుకు దిగినవా?" అని ఎగతాళి చేశాడు. ఆ నవ్వు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో, గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తను పగలగొట్టుకోవాలనిపించేది.

డ్యూటీలో డాక్టర్ స్పందన ఉంది. నిర్మల్ నుంచి వచ్చిన అమ్మాయి, అత్యవసర వైద్యంలో పైచదువు చదువుతోంది. చెయ్యి విరిగి ఒకడు గావుకేకలు పెడుతున్నాడు. ఆమె "ఏ మందు?" అని అడిగి, "గడ్డిమందు" అన్న మాట వినీ వినగానే ఆ కేకల మనిషిని దాటి వచ్చి, నవ్వుతున్న రాజేశాన్ని చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. ఏడ్చేవాణ్ని పక్కనపెట్టి నవ్వేవాణ్ని ముందు చూడటం గట్టయ్య అన్నేళ్లలో చూడలేదు. పని వదిలేసి వాళ్ల వెనకే నడిచాడు.

నల్లటి బొగ్గుమందు తాగించారు, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు, రక్తం తీశారు. అంతా అయ్యాక స్పందన గట్టయ్యను పిలిచింది.

"గట్టన్నా, ఆ మంచం మీది మీటరు విప్పి తీస్కపో."

"ఖరాబైందా మేడం?"

"మంచిగనే ఉంది. ఆయనకు ఆక్సిజన్ పెట్టొద్దు. ఎవరు అడిగినా పెట్టొద్దు. ఇంటోళ్లు ఆగలేక తిప్పుతరు, అందుకే మీటరే ఉండొద్దు."

ఆమె ఓపిగ్గా చెప్పింది. "ఉమ్మేసినా జరంత దిగితే చాలు, ఆ మందు పోయి ఊపిరితిత్తులల్ల కూసుంటదన్నా. దానికి తిండి ఆక్సిజనే. మనం ఎంత ఎక్కువ పెడితే అది అంత ఎక్కువ కాలుస్తది. లోపల మిగిలింది మిగలాలంటే పెట్టకుంటనే ఉండాలె. వేలుకు పెట్టిన క్లిప్పుల అంకె మరీ కిందికి పడితే అప్పుడు ఇగ తప్పదు."

"తప్పదంటే?"

ఆమె కళ్లు దించుకుంది. "అప్పటికి లోపల కాపాడుకునేదేం మిగలదు."

గట్టయ్య మీటరు విప్పాడు. ఆ చేతుల్తో బిగించినవి లెక్కలేదు గానీ, బతికున్న మనిషి తలాపు నుంచి విప్పడం అదే మొదలు. దాన్ని తన ఖాకీ చొక్కా జేబులో వేసుకున్నాడు.

స్పందన పరిశోధన కూడా గడ్డిమందు మీదే. అట్లా వచ్చిన ప్రతి మనిషి సంగతీ రాసుకుంటుంది, ఏం చేస్తే ఎవరు నిలిచారో వెతుకుతుంది. రాజేశం సంగతి రాసుకోవడానికి సరోజనను ఒప్పుకోమని అడిగింది.

"రాస్కుంటే మా ఆయన బతుకుతడా అమ్మా?"

"అది చెప్పలేనమ్మా. తర్వాత వచ్చేటోళ్లకు పనికొస్తది."

"తర్వాతోళ్లు తర్వాతొస్తరు. మా ఆయన గిప్పుడున్నడు గదా" అంది సరోజన. అని, అన్న మొహం చూసి సంతకం పెట్టింది.

మొదటి రెండు రోజులు రాజేశం బాగానే ఉన్నాడు. పక్క మంచాల వాళ్లతో మస్కట్ ముచ్చట్లు చెప్పాడు. మూడోనాటికి నాలుక మీది తోలు లేచి, ఉమ్ము మింగితే కారం పోసినట్టయి ముచ్చట్లు ఆగాయి. తర్వాత ఒంటికి రావడం తగ్గింది, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు, రక్తం కడిగే యంత్రం పెట్టారు. ఆ తర్వాత మొదలైంది ఆయాసం.

గట్టయ్యకు ఆ చప్పుడు తెలుసు. మెత్త ఒళ్లో పెట్టుకొని వంగిన బాపు చప్పుడు. రాజేశం అట్లాగే ముందుకు వంగి, రెండు చేతులూ మంచం పట్టెల మీద ఆనించి, నీళ్లలోంచి తీసిన చేపలా నోరు తెరిచి పీలుస్తున్నాడు. తలాపున గోడలో రంధ్రం ఉంది. గోడ వెనుక పైపు నిండా గాలి ఉంది. ఆ గాలిని అక్కడిదాకా తోలుతున్నది తనే.

ఎదుటి మంచం మీద ఉబ్బసం ముసలాయన మూతికి మాస్కు పెట్టుకొని హాయిగా నిద్రపోతున్నాడు. సరోజన అటు చూసింది, ఇటు చూసింది.

"గా ముసలాయనకు పెట్టిండ్రు. మా ఆయనకెందుకు పెడ్తలేరన్నా?"

"ఆయనది వేరే బీమారి చెల్లె. బావకు పెడితే లోపల కాల్తదట."

"గాలి పెడితే కాలుడేందన్నా? నిప్పా అది? ఊరోళ్లందరికి పెట్టినవ్. లారోనికి పెట్టినవ్. మాకు పెట్టనీకి నీకు చేతులొస్తలెవ్వా?"

గట్టయ్య తనకు తెలిసినంత చెప్పాడు. నిజానికి అతనికే లోలోపల నమ్మకం కుదరడం లేదు. డాక్టరమ్మ చదువుకున్నది, అబద్ధం చెప్పదు. కానీ బాపు కూడా అబద్ధం కాదు కదా! అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ బతుకు ఎట్లా ఉంటుందో గట్టయ్యకు అప్పుడు తెలిసింది. స్పందనను పట్టుకొని అడిగేశాడు.

"మేడం, మీకు పక్కా తెలుసునా?"

"పెడితే చెడుపని తెలుసు. పెట్టకపోతే బతుకుతడని మాత్రం తెల్వదు గట్టన్నా. తెలిస్తే ఈ చదువు నాకెందుకు?" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం సరోజన ప్లాంటు గది దాకా వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. యంత్రాల హోరులో గొంతు చించుకొని అడిగింది.

"మొన్న రాఖీ కట్టిన్నాడు ఏం కావాలె చెల్లె అనడిగితివి. నువ్వుంటే సాలన్నా అన్న. యాదున్నదా? గిప్పుడడుగుతున్న. జరంత గాలి పెట్టు. నేనెవ్వలికి చెప్ప. నీ కాళ్లు మొక్కుత." అని నిజంగానే వంగింది.

గట్టయ్య ఆమె భుజాలు పట్టుకొని లేపాడు. అతని మణికట్టుకు ఆ రాఖీ ఇంకా ఉంది, తడిసి తడిసి రంగు పోయి. ఇక ఆగలేకపోయాడు. జేబులో మీటరు పట్టుకొని వార్డులోకి నడిచాడు. స్పందన లేదు, నర్సు అటువైపు ఉంది. గోడకు మీటరు బిగించాడు. గొట్టం తగిలించాడు. మర మీద వేళ్లు పెట్టాడు.

రాజేశం తల తిప్పి చూశాడు. మాట్లాడాలంటే ఒక్కో మాటకూ ఒక్కో ఊపిరి కావాలి.

"బావా... పెడితే... మంచిదేనా?"

బెదిరింపు కాదు, అనుమానమూ కాదు. గాలి గురించి గాలి గట్టయ్యను కాక ఇంకెవరిని అడుగుతాడు? అవునను బావా అని అతని కళ్లు బతిమాలుతున్నాయి. అవునంటే చాలు, గుండు లేస్తుంది, ఆ నిమిషానికి ప్రాణం సుఖపడుతుంది. క్లిప్పు మీద అంకె ఇంకా హద్దు పైనే నిలిచి ఉంది. అది నిలిచినంతసేపూ బావ బతకడానికి సందు ఉన్నట్టే. ఆ సందును తన చేత్తో మూసెయ్యాలా?

"కాదు బావా" అన్నాడు గట్టయ్య. "జర ఓర్చుకో."

మీటరు మళ్లీ విప్పేశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ సరోజన అంతా చూసింది. ఆ రోజు నుంచి అన్న తెచ్చిన టిఫిన్ గిన్నె మూత తీయలేదు. అన్న ఎదురొస్తే గోడకేసి చూసింది. "కసాయోనికైనా దయుంటది" అని ఎవరితోనో అంటే, ఆ ఎవరో తెచ్చి గట్టయ్య చెవిన వేశారు. అటువంటి మాటలు మోసేవాళ్లకు దవాఖానలో కొదవా!

గట్టయ్య పనిచేస్తూనే ఉన్నాడు. పది అడుగులు వేస్తే ఒకసారి వచ్చి ఆ అంకె చూసి పోయేవాడు. పడొద్దు, పడొద్దు అని కొండగట్టు అంజన్నకు మొక్కాడు, ఓదెల మల్లన్నకు మొక్కాడు. అంకె ఒకటి తగ్గితే ఆ పూట అన్నం దిగేది కాదు. ఒకటి పెరిగితే పిచ్చివాడిలా నవ్వుకునేవాడు. తమ వాళ్లకు గాలి పెట్టమని మొక్కేవాళ్లనే చూశాడు ఇన్నేళ్లూ. పెట్టే రోజు రావొద్దని మొక్కింది బహుశా అతనొక్కడే.

ఒక పొద్దున స్పందన తనే ప్లాంటు గదికి వచ్చింది. మామూలుగా ఎవరినో పంపేది. ఆమెను చూడగానే గట్టయ్య చేతిలోని పానా కింద పెట్టాడు.

"గట్టన్నా" అంది. "ఆ మీటరు తీస్కొని రా."

గట్టయ్య జేబులోని మీటరును చేత్తో మూసి పట్టుకున్నాడు.

"ఇప్పుడు పెట్టినా పెట్టకున్నా ఒకటేనన్నా. ఆయాసమన్నా జర తగ్గుతది. అట్ల పోనియ్యొద్దు ఆయన్ను." కళ్లు తుడుచుకొని, "నేను చెప్పనా మీ చెల్లెకు?" అని అడిగింది.

"నేనే చెప్త మేడం."

జేబులో మీటరు ఒంటి వేడికి వెచ్చగా ఉంది. వార్డులోకి వచ్చాడు. సరోజన మొగుడి వీపు రాస్తూ కూర్చుంది, అచ్చం బాపు వీపు రాసినట్టే. అన్న చేతిలో మీటరు, అన్న వెనకాలే డాక్టరమ్మ. చూసి దిగ్గున లేచింది.

"పెడ్తుండ్రా? పెడ్తుండ్రా అన్నా?"

గట్టయ్య తలూపాడు. చెప్పాల్సిన మాట చెప్పకుండానే మీటరు గోడకు ఆనించాడు. ఆమె మొహం వెలిగిపోయింది. డాక్టరమ్మ చేతులు రెండూ పట్టుకొని కళ్లకద్దుకుంది. అన్న మీదికి తిరిగి, "నిన్ను ఎన్ని మాటలన్ననో, నా నోట్ల మన్నువడ" అని ఏడ్చింది. మీటరు బిగుస్తుంటే వెంటనే ఫోన్ తీసి ఊరికి చేసింది. "ఆ, పెడ్తుండ్రు! మా అన్ననే పెడ్తుండు. ఇగ ఫికర్ లేదు. పత్తి చేనుకు మనిషిని మాట్లాడి పెట్టుండ్రి, రెండు మూడు దినాలల్ల మేం వస్తం."

స్పందన కిటికీ వైపు తిరిగింది. గట్టయ్య మర తిప్పాడు, గుండు లేచింది. రాజేశం మూతికి మాస్కు పెట్టి రబ్బరు చెవుల వెనక్కి సర్దాడు. కాసేపటికి అతని భుజాలు కొంచెం వాలాయి. కళ్లు మూసుకుని, బావ చేయి తడిమి పట్టుకున్నాడు.

"సూడన్నా, ఎంత నిమ్మలమైండో" అంది సరోజన. ఎన్నాళ్లకో టిఫిన్ గిన్నె మూత తీసింది. పెరుగన్నం ముద్ద కలిపి ముందు అన్న నోటి దగ్గర పెట్టింది. "తిను. నువ్వు సుత తిన్నట్టు లేవు."

గట్టయ్య తిన్నాడు. ఆ ముద్ద ఎట్లా మింగాడో ఆ ఓదెల మల్లన్నకే తెలియాలి.

"అన్నా" అంది సరోజన, గుండు వైపు చూస్తూ. "గది ఇంక పైకి పోతది గదా? మొత్తం తిప్పు. ఇన్ని దినాలు పెట్టనిదంత కలిపి పెట్టు."

గట్టయ్య మర మొత్తం తిప్పాడు.