పదమూడు పదమూడు

మందుల షాపాయన చేతులు ఊరికే ఉండవు. కాగితం ముక్క కనబడితే చాలు, నాలుగు మడతలు పెట్టి మాత్రల పొట్లం చేసేస్తాడు. పాతికేళ్ళు స్కూటరు మీద తిరిగి తిరిగి, నెల కిందటే తెల్ల కారు కొన్నాడు. దానికి 1313 నంబరు వచ్చింది. "పదమూడే మంచిది కాదంటే రెండుసార్లా?" అని చుట్టాలు మొహం చిట్లించారు. అప్పట్నుంచీ కారు మొహం గోడకి పెట్టి ఆపుతాడు, వెనక ప్లేటు మీద తుడుపు గుడ్డ వేలాడదీస్తాడు. భోజనానికి కూర్చుంటే తల్లి దగ్గర అదే ఏకరువు: "పదమూడు పదమూడమ్మా, నా ఖర్మ." ఆవిడకి ఈమధ్య మతిమరుపు. తిన్న సంగతి గుర్తుండదు, ఒక్కోసారి కొడుకు పేరు కూడా తడుముకుంటుంది. నంబరు మార్పించమని రాసుకున్న దరఖాస్తు అతని జేబులో నలుగుతూనే ఉంది.

ఆదివారం ఆవిణ్ణి బజారుకి తీసుకెళ్ళిన హడావిడిలో ప్లేటుకి గుడ్డ వేయడం మరిచాడు. జనంలో ఆవిడ చెయ్యి జారిపోయింది. అరగంట సేపు కొట్టు కొట్టూ వెతికి, కార్లు ఆపే చోటికి పరుగెత్తాడు. వరసగా నలభై తెల్ల కార్లు. ఒకదాని వెనక, ప్లేటు మీద చెయ్యేసుకుని తల్లి నిలబడి ఉంది.

"ఇక్కడికెలా వచ్చావమ్మా?"

"పదమూడు పదమూడు ఎక్కడని కాపలా అతన్ని అడిగాను. రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతావుగా, ఎలా మర్చిపోతాను?"

మర్నాడు పొద్దున్నే ఆ గుడ్డతో మొదట నంబరు ప్లేటే తుడిచాడు. తర్వాత జేబులోంచి దరఖాస్తు తీసి, నాలుగు మడతలు పెట్టి, తల్లి మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్రలు పొట్లం కట్టాడు.