అందిందా గారు

ఆయన ఎవరికైనా ఏదైనా ఇచ్చాక "అందిందా?" అని అడగకుండా ఉండలేడు. అవతలివాళ్ళు నోరు తెరిచి "అందింది" అనేదాకా ఆయనకు ఊపిరాడదు. టీ కప్పు చేతిలో పెట్టి అడుగుతాడు. గొడుగు ఇచ్చి అడుగుతాడు. లిఫ్టులో ఎవరైనా తుమ్మితే జేబురుమాలు తీసి ఇచ్చి, వాళ్ళు రెండో తుమ్ములో ఉండగానే అడుగుతాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకు ఒకటి ఉండే ఉంటుంది, జీతాలు ఇచ్చేవాళ్ళకు తెలిసి ఉంటుంది. మిగతా ఆఫీసుకంతటికీ ఆయన అందిందా గారు.

ఆ ఆఫీసు చేసే పని కూడా అలాంటిదే. దుకాణాల తరఫున, ఆసుపత్రుల తరఫున వాళ్ళ కస్టమర్లకు మెసేజ్‌లు పంపిస్తారు. మీ కళ్ళజోడు తయారైంది, మీ బట్టలు ఇస్త్రీ అయ్యాయి, రేపు పొద్దున పన్ను పీకించుకోవడానికి దయచేయండి, ఇలాంటివి. వాటిలో కొన్ని వెళ్తాయి, కొన్ని వెళ్ళవు. వెళ్ళనివి ఎందుకు వెళ్ళలేదో తేల్చడం అందిందా గారి ఉద్యోగం. నీళ్ళలో చేపను వదిలినట్టు, ఆ కుర్చీలో ఆయన్ని ఎవరు కూర్చోబెట్టారో గానీ, ఇరవై ఏళ్ళుగా హాయిగా ఈదుతున్నాడు.

ఆయన పక్క బల్ల టీం లీడరుది. వయసులో ఆయన కూతురంత ఉంటుంది, హోదాలో ఆయనకు పైన. చేరిన కొత్తలో ఆమె నవ్వు ఆపుకోలేకపోయేది. తర్వాత తలనొప్పి మాత్రలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడైతే ఆయన టీ కప్పుతో వస్తుండగానే దూరం నుంచే "అందిందండీ" అనేస్తుంది. ఒకరోజు ఇంట్లో భర్తకు కంచం అందించి "అందిందా?" అని అడిగి, తన గొంతు తనకే వినబడి, వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఒంటరిగా నిలబడింది.

మిగతావాళ్ళు ఒక ఫిర్యాదు వస్తే కంప్యూటరు చూసి, కారణం పట్టుకుని, సరిచేసి, మూసేస్తారు. అందిందా గారు కూడా కారణం పట్టుకుంటాడు. కానీ అక్కడితో ఆగడు. ఆ కస్టమరుకు ఫోను చేస్తాడు.

ఒకసారి ఒక పళ్ళ డాక్టరు పంపిన మెసేజ్‌లు ఒకావిడకు ఎంతకీ వెళ్ళలేదు. అందిందా గారు ఫోను చేశాడు.

"అమ్మా, మీరిచ్చిన నంబరు గోడకి తగిలించుకునే ఫోనుదండీ. దానికి మెసేజ్‌లు రావు."

"ఎందుకు రావూ? మోగుతోందిగా."

"మోగుతుందండీ. తెర లేదు కదా, మెసేజ్ వస్తే ఎక్కడ కూర్చుంటుంది?"

ఆవిడ కాసేపు ఆలోచించి, "స్టూలు వేస్తానులెండి" అంది. ఆ స్టూలు దగ్గర మొదలైన మాటలు ఆవిడ కాలు జారి పడి విరగ్గొట్టుకున్న పన్ను కథ మీదుగా వెళ్ళి, చివరికి ఆవిడ కోడలి సెల్ ఫోను నంబరు దగ్గర ఆగేసరికి మధ్యాహ్నం భోజనాలైపోయాయి.

ఇంకోసారి లాండ్రీ మెసేజ్‌లు ఒకాయనకు ఆగిపోయాయి. చూస్తే, ఆయనే "వద్దు" అని జవాబు పంపాడు. అలా పంపితే ఇక ఆ దుకాణం నుంచి ఒక్క మెసేజ్ కూడా వెళ్ళదు.

"బట్టలు రెడీ అని మెసేజ్ వచ్చిందంటే మా ఆవిడ నన్నే తరుముతుందండీ" అన్నాడాయన గొంతు తగ్గించి. "రాకపోతే, ఇంకా ఉతకలేదేమోలే అని ఊరుకుంటుంది."

"మరి వేసుకోవడానికి ఏమున్నాయండీ?"

"అదే ఇబ్బందిగా ఉంది. మా అబ్బాయి చొక్కా వేసుకుని మాట్లాడుతున్నాను."

అందిందా గారు మెసేజ్‌లు భార్య నంబరుకు మార్చలేదు. ఆ మనిషి పొద్దున నడకకు వెళ్ళే వేళకు మార్చాడు. నడక నుంచి వస్తూ వస్తూ తెచ్చేసుకుంటాడు, తరమడానికి ఎవరికీ అవకాశం ఉండదు. మర్నాడు మళ్ళీ ఫోను చేసి అడిగాడు, "అందిందా?" అని. చొక్కా సంగతి కూడా అడిగాడు.

ఇదంతా మేనేజరుకు కడుపుమంట. ఆయన అద్దాల గదిలోంచి వచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడేవాడు.

"తెర మీద పచ్చ టిక్కు పడింది. మెసేజ్ చేరింది. ఇంకా ఫోను ఎందుకండీ?"

"పచ్చ టిక్కు ఫోనుకి చేరిందని చెబుతుంది సార్. మనిషికి చేరిందని చెప్పదు."

"మనిషికి చేర్చడం మన పని కాదు."

"అవును సార్" అని ఒప్పుకుని, ఆయన వెనక్కి తిరగ్గానే ఇంకో నంబరు నొక్కేవాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా రచన. చిన్నప్పుడు వ్యాసరచనలో ఏదో బహుమతి వచ్చిందట, ఆ పొగరు ఇంకా దిగలేదు. ఆయన తిప్పలు పడి తిరిగి సంపాదించిన మొదటి పెద్ద ఖాతా కంటి ఆసుపత్రిది. ఆ ఆసుపత్రి పాత భవనం ఖాళీ చేసి, రెండు వీధుల అవతల కొత్త భవనంలోకి మారుతోంది. సోమవారం నుంచి రోగులంతా అక్కడికే రావాలని మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్ తనే రాస్తానని మేనేజరు పట్టుబట్టాడు. శుక్రవారం పొద్దున అందర్నీ పిలిచి, గొంతు సవరించుకుని చదివాడు.

"ప్రియాతిప్రియమైన నేత్రమిత్రులారా, మహా శుభవార్త. కళ్ళు చెదిరే నూతన భవనం మీకోసం ఎదురుచూస్తోంది. త్వరపడండి. వెంటనే కింది లింకు నొక్కండి."

చిరునామా లింకు లోపల ఉందని మేనేజరు వివరించాడు. "కుతూహలం కలగాలి కదా" అన్నాడు. అందిందా గారు ఒక్కడే తల ఊపి, "మీరు మనసు పెట్టి రాశారు సార్" అన్నాడు. మేనేజరు మొహం చేటంతైంది. మెసేజ్ వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నుంచి అందిందా గారికి పూనకం వచ్చింది. ఒక ఫోను పెడుతూ ఇంకోటి చేస్తూ, శనివారం సాయంత్రం దాకా హాలంతా "అందిందా, అందిందా" తప్ప ఇంకో మాట లేదు. వేరే పని ఒక్కటీ ముట్టుకోలేదు. జనం చెవుల్లో దూది పెట్టుకున్నారు. పైగా వెళ్ళేముందు టీం లీడరు దగ్గరికి వచ్చి సోమవారం సెలవడిగాడు.

"ఎందుకండీ?"

"కాస్త నిలబడే పనుందమ్మా" అన్నాడు.

ఆయన వెళ్ళగానే మేనేజరు టీం లీడరును అద్దాల గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. "ఇక నావల్ల కాదండీ. సెలవు నుంచి రాగానే ఆయన్ని కింద పాత సామాన్ల గదికి మార్చేద్దాం. అక్కడ ఫోను లేదు. మీరే చెప్పండి, నాకు మొహమాటం."

ఆమెకు మాత్రం లేదా? ఆదివారమంతా ఆ మాట ఎలా చెప్పాలో అద్దం ముందు చెప్పి చూసుకుంది. ఎలా చెప్పినా చివర ఆయన "అందింది" అంటాడేమోనని భయమేసింది.

సోమవారం పొద్దున ఆమె ఆఫీసుకు వచ్చి కూర్చుందో లేదో, పిన్ని ఫోను చేసింది. పిన్నికి ఆ రోజు కంటి ఆసుపత్రిలో చూపించుకోవాల్సి ఉందని ఆమెకు తెలుసు. మెసేజ్ వెళ్ళింది కదా అని ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు.

"ఆసుపత్రికి తాళం వేసుందే. గేటు దగ్గర ఎవరో పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని అందిందా అందిందా అంటున్నాడు. నేను ఆయన దగ్గర ఏం తీసుకున్నానని? పోలీసులకి ఫోను చెయ్యనా?"

టీం లీడరు కుర్చీలోంచి లేచింది. "పిన్నీ, ఆయన పొడుగ్గా, సన్నగా, జేబులో రెండు పెన్నులతో ఉన్నారా?"

"అంత బాగా కనబడితే కంటి ఆసుపత్రికి ఎందుకొస్తానే?"

"ఫోను ఆయనకివ్వు."

కాసేపు గరగరమంది. తర్వాత తెలిసిన గొంతు మెల్లగా పలికింది. "ఫోను అందిందమ్మా."

ఆమె పరుగున వెళ్ళేసరికి పాత భవనం ముందు చిన్న సంత నడుస్తోంది. పక్క టీ కొట్టు స్టూళ్ళన్నీ గోడ నీడలో వరసగా వేసి ఉన్నాయి. వాటి మీద నల్లద్దాల వాళ్ళు, కంటికి దూది అంటించుకున్నవాళ్ళు, వాళ్ళ సంచులు. అందిందా గారు ఇద్దరిద్దరిని చెరో చేత్తో పట్టుకుని, రెండు వీధులు దాటించి, కొత్త భవనంలో దింపి, మళ్ళీ వస్తున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పిన్ని మాత్రం నీడలో టీ తాగుతూ, "మనిషి మంచివాడే, ఒక్క మాటే పట్టుకుని వదలడు" అని తీర్పు చెప్పింది.

"బోర్డు రాసి పెట్టకపోయారా?" అంది టీం లీడరు.

"తాళం పక్కనే కాగితం అంటించారమ్మా ఆసుపత్రివాళ్ళు. వచ్చేవాళ్ళు కళ్ళు కనబడనివాళ్ళాయె. ఎవరు చదువుతారు?"

"అసలు ఇంతమందికి మెసేజ్ ఎందుకు చేరలేదు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "శుభవార్త, త్వరపడండి, లింకు నొక్కండి, ఈ మూడూ ఒకచోట ఉంటే మోసగాళ్ళ మెసేజ్ అనుకుని నెట్‌వర్కువాళ్ళు దారిలోనే పారేస్తారమ్మా. చాలామటుకు అలాగే పోయాయి. ఫోన్లు చేసి చెప్పాను. ఎత్తనివాళ్ళు మిగిలారు. వాళ్ళు ఇక్కడికే వస్తారు కదా అని వచ్చాను."

"మేనేజరుకి చెబితే ఇంకోటి రాసి పంపేవాళ్ళం కదండీ."

"ఆయన చదువుతున్నప్పుడు మొహం చూశారా? పలక మీద బొమ్మ గీసి తెచ్చి చూపించే పిల్లాడిలా ఉన్నాడు. పైగా ఆయన సొంతంగా తెచ్చిన ఖాతా. బొమ్మ వంకరగా ఉందని నలుగురిలో ఎలా చెప్పను? నేను ఫోన్లు చేస్తే ఎవరికీ అనుమానం రాదు. అది నా పిచ్చి అనుకుంటారు."

ఇన్నేళ్ళలో ఆ పిచ్చి కింద ఎవరెవరి వంకర బొమ్మలు దాగాయో టీం లీడరు లెక్కవేయబోయింది. అందులో తనవి కూడా రెండు మూడు కనబడేసరికి ఆపేసింది.

అప్పుడే వీధి మలుపులో మేనేజరు కనిపించాడు. టై భుజం మీదికి ఎగిరిపోయి, రొప్పుతూ వస్తున్నాడు. చివరి స్టూలు మీద కూర్చున్న పెద్దావిడ ముందు ఆగిపోయాడు.

"అమ్మా, ఇక్కడున్నావా? కొత్త భవనం దగ్గర నీకోసం నిలబడి నిలబడి కాళ్ళు పడిపోయాయి. మెసేజ్ రాలేదా నీకు?"

"ఏ మెసేజ్‌రా?"

"ప్రియాతిప్రియమైన నేత్రమిత్రులారా అని."

"ఓ, అదా. వచ్చింది. ఎవడో దొంగవెధవ డబ్బు కొట్టెయ్యడానికి రాశాడని అప్పుడే తీసి పారేశాను. కళ్ళు చెదిరే భవనమట. ఉన్న కళ్ళు కనబడక నేనేడుస్తుంటే, ఇంకా చెదరడం కూడానా? ఎవర్రా రాసింది?"

స్టూళ్ళ మీద వాళ్ళంతా జవాబు కోసం చెవులు రిక్కించారు.

"నెట్‌వర్కులో ఏదో తేడా వచ్చిందండీ" అన్నాడు అందిందా గారు.

పెద్దావిడ ఆ గొంతు పోల్చుకుంది. "మీరేనా శనివారం ఫోను చేసింది? అందిందా అన్నారు. అందింది అని పెట్టేశాను. మంచి మనిషి, పాపం."

అందిందా గారి మొహం వాడిపోయింది. "అయితే పొరపాటు నాదే" అని గొణుక్కున్నాడు. "అర్థమైందా అని కూడా అడగాల్సింది. ఇకనుంచి రెండూ అడుగుతాను." రాబోయే రోజుల్లో హాలు ఎలా ఉండబోతోందో తలుచుకుని టీం లీడరు కళ్ళు మూసుకుంది.

మేనేజరు స్టూళ్ళ వంక చూశాడు, తాళం వంక చూశాడు. టీం లీడరు దగ్గరికి వచ్చి, "వీళ్ళందరూ నా మెసేజ్ వల్లేనా?" అన్నాడు. ఆమె తల ఊపింది. కాసేపు టై సర్దుకున్నాడు.

"ఆ సామాన్ల గది సంగతి ఆయనకి చెప్పేశారా?"

"లేదండీ. ఇంకా పంపలేదు."

"పంపకండి."

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే, చేతికర్రతో ఒక ముసలాయన రోడ్డు దాటి వచ్చి, గేటు దగ్గర టై కట్టుకుని నిటారుగా నిలబడ్డ మేనేజరును తడిమి చూశాడు. "వాచ్‌మన్ బాబూ, కంటి ఆసుపత్రి ఎటు?" అంటూ జవాబు కోసం ఆగకుండా తన సంచీ ఆయన చేతికిచ్చేశాడు.

మేనేజరు సంచీ వంక చూశాడు. దాన్ని భుజానికి తగిలించుకుని, రెండో చేత్తో ముసలాయన మోచెయ్యి పట్టుకున్నాడు. "రండి తాతగారూ, రెండు వీధులే" అన్నాడు. ఇద్దరూ మెల్లగా మలుపు వైపు నడుస్తుంటే ముసలాయన గొంతు టీం లీడరుకు వినిపించింది.

"ఇక్కడ నిన్ను బాగా చూసుకుంటారా బాబూ?"

"బాగానే చూసుకుంటారండీ" అన్నాడు మేనేజరు. "నాకే ఇవాళ తెలిసింది."