బూడిద రంగు గీతలు

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్లు దుప్పట్లు ఉతికిన మనిషి ఆమె. ఆ ఆవిరిలో వయసు ఎప్పుడు ఆరిపోయిందో ఆమెకే తెలియదు. లాండ్రీ మూతపడ్డాక తమ్ముడు వచ్చి, "మా ఇంట్లో ఉండక్కా, నీకేం లోటు?" అన్నాడు. లోటేమీ లేదు. బాత్రూమ్ పక్కన చిన్న గది ఇచ్చారు. మర్నాటి నుంచే బాత్రూమ్ కడగడం ఆమె పని అయింది. ఎవరూ చెప్పలేదు. నీళ్లు పల్లానికి జారినట్టు ఆ పని ఆమె దగ్గరికి చేరింది.

పాత టైల్స్ మధ్య సందుల్లో నలుపు ఊరుతూ ఉండేది. ప్రతి ఆదివారం బ్రష్ పట్టుకుని ఆ సందుల వెంట పోయేది. ఎనిమిదేళ్లకు వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున్నే పిడికిలి ముడుచుకునేది కాదు. రుద్దడం మానేయమన్నాడు డాక్టరు. ఆ మాట ఇంట్లో చెబితే అందరూ అయ్యో అన్నారు. ఆదివారం మళ్లీ వచ్చింది.

అందుకే బాత్రూమ్ బాగు చేయిద్దామని తమ్ముడు అన్నప్పుడు ఆమెకు ఎన్నాళ్లకో ఆశ పుట్టింది. పెద్ద టైల్స్ వేస్తే సందులు తక్కువ. సందులు తగ్గితే చేతులకు ఊపిరి.

షోరూమ్‌లో మరదలు అరచేయంత తెల్లటి టైల్స్ ముందు ఆగిపోయింది. తమ్ముడు రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూశాడు. ఆమె మాత్రం నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చుంది.

"ఏం పడిపోయిందమ్మా?" అని సేల్స్‌మన్ వంగాడు.

"ఏం పడలేదు బాబూ. గోడను నేను ఇక్కడి నుంచే చూస్తాను."

అతను నవ్వలేదు. "పెద్దావిడ చెప్పేది నిజమే మేడమ్. చిన్న సైజుకి సందులెక్కువ, కడిగేవాళ్లకి నరకం. ఇటు పెద్దవి చూడండి."

"అవి వేస్తే బస్టాండులా ఉంటుంది," అంది మరదలు. "వదినా, లేవండి, అందరూ చూస్తున్నారు."

"మా అక్కకి ఇంకా ఆస్పత్రి వదల్లేదులే," అని తమ్ముడు నవ్వాడు. "గోడ కనిపిస్తే చాలు, చెయ్యి దురద పెడుతుంది."

తెల్లవే వచ్చాయి.

గోడలన్నిటికీ టైల్స్ అతికించాక ఒక మధ్యాహ్నం మేస్త్రి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. "అమ్మా, సందుల్లో నింపే పొడి ఏ రంగు? తెలుపూ ఉంది, బూడిదా ఉంది."

రంగు చెప్పమని ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. "మురికి కనపడనిది ఏది?"

"బూడిదే. తెల్లది నెల తిరక్కుండా పచ్చబడుతుంది."

"అయితే అదే వెయ్యి."

"సార్‌ని ఓ మాట అడగొద్దా?"

"నేనూ ఈ ఇంటి మనిషినే కదయ్యా."

సాయంత్రం మరదలు భుజాన ఉన్న బ్యాగు దించకుండానే కేక వేసింది. "ఇదేంటండీ, లెక్కల నోటుబుక్కులాగా గళ్లు!"

"అక్కా, నిన్నెవరు చెప్పమన్నారు?" అన్నాడు వెనకే వచ్చిన తమ్ముడు.

ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. "వీటిని చూడరా."

తమ్ముడు చూశాడు. నిజంగానే చూశాడు. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో కదిలింది. తర్వాత గోడను చూశాడు, మరదలిని చూశాడు, మేస్త్రికి ఫోన్ చేశాడు.

పొడి ఇంకా గట్టిపడలేదట, బ్లేడుతో గీకితే వచ్చేస్తుందట. మేస్త్రికి రేపు మధ్యాహ్నం దాకా వేరే చోట పని. ఈలోగా ఇంట్లో ఎవరైనా గీకి ఉంచితే వచ్చి తెల్లది నింపుతానన్నాడు.

"పొద్దున్నే మాకు ఆఫీసులు కదక్కా," అన్నాడు తమ్ముడు, ఫోన్ వైపే చూస్తూ.

మర్నాడు ఆమె గీకింది. ఒక్కో గీత ఎండిన వానలా పొడిపొడిగా రాలింది. తను కోరిన రంగు తన గోళ్లలోకి, జుట్టులోకి, గొంతులోకి వచ్చి చేరింది. మధ్యలో బ్లేడు రెండుసార్లు జారింది. తెల్లటి పలక మీద పడిన ఎర్రటి చుక్కను కొంగుతో కాక, మణికట్టుతో తుడిచింది. వేళ్లు అప్పటికే విడివడడం లేదు.

మేస్త్రి వచ్చి గోడనూ ఆమెనూ చూసి చెప్పులు విప్పిన చోటే కాసేపు ఆగాడు. తర్వాత గిన్నెలో తెల్ల పొడి కలిపి, ఆమె ముందు పెట్టాడు.

"ఇలా ఉంటే చాలా అమ్మా? ఇంకొంచెం పలచన చేయమంటారా?"

"నన్నడక్కయ్యా," అందామె. "వాళ్లకి ఫోన్ చెయ్యి."