గౌరీశ్వరికి రిలీవర్ కావాలి

సింహాద్రి రిటైరైన రోజున తోటివాళ్లు శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు, నాలుగు మంచిమాటలు చెప్పారు. స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో అతను కూర్చున్న కుర్చీలో మర్నాడే ఇంకొకడు కూర్చున్నాడు. షిఫ్టులు వెనక్కి తీసుకోవడం మాత్రం అందరూ మరిచిపోయారు. వాటిని అతను భద్రంగా గాజువాకలోని ఇంటికి తెచ్చేసుకున్నాడు.

ఆ ఇంట్లో ఇప్పటికీ ఒక వారం ఏ షిఫ్టు, ఒక వారం బి, ఒక వారం సి. ఏ షిఫ్టు వారంలో అతని భార్య గౌరీశ్వరి చీకటితోనే లేచి వండి క్యారేజీ కట్టాలి. సింహాద్రి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ క్యారేజీ పుచ్చుకుని హాల్లోకి వెళ్లి కూర్చుంటాడు. ఒకప్పుడు క్యాంటీన్‌కి వెళ్లే వేళ కాగానే మూత తీసి, వంటింటి గుమ్మానికి ఎదురుగా కూర్చుని, చల్లారిపోయిన అన్నం తింటాడు. లోపల వేడిగా ఉంది, వడ్డిస్తానంటే, "ఉండనీవే, అలవాటు" అంటాడు. బి షిఫ్టు వారంలో మధ్యాహ్నం భోంచేసి డాబా మీదికి పోతాడు. రాత్రి పది దాటాక మెట్లు దిగి "వస్తాడు". అందాకా ఆమె తినకుండా కూర్చోవాలి. సి షిఫ్టు అన్నిటికన్నా దారుణం. రాత్రంతా సోఫాలో కూర్చుని సౌండు లేని టీవీ చూసి, తెల్లారాక వేడివేడిగా టిఫిను తిని పడుకుంటాడు. పగలంతా కర్టెన్లు దించి ఉండాలి, కుక్కర్ కూత వెయ్యకూడదు. కూత వెయ్యని కుక్కర్‌లో పప్పు ఎలా ఉడుకుతుందని అతను ఎన్నడూ అడగలేదు. పప్పు ఉడికే ఉండేది మరి.

చుట్టాలు దీన్ని క్రమశిక్షణ అన్నారు. "సింహాద్రి అంటే టైమంటే టైమే" అని పెళ్లిళ్లలో చెప్పుకున్నారు. ఒక ఆడమనిషి ఉద్యోగం పోయాక కూడా బ్యాగు తగిలించుకుని సొంత హాల్లో డ్యూటీ చేస్తే ఈ చుట్టాలే ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలా అని గుసగుసలాడేవారు.

ఇంత క్రమశిక్షణ గల మనిషికి ఒకటే కష్టం. బోరు.

"బోరు కొడతంది గౌరీ. రోజూ ఒకటే లాగుంటంది," అనేవాడు, ఆమె గిన్నెలు తోముతుంటే వెనకాల నిలబడి.

ఆ కష్టం తీర్చడానికి మేనల్లుడు సాయిశంకర్ ఉండనే ఉన్నాడు. సింహాద్రి అక్క కొడుకు. ఏ ఉద్యోగంలోనూ ఏడాది నిలవలేదు కాబట్టి, జీవితంలో నిలబడడం ఎలాగో ఇతరులకి నేర్పుతుంటాడు. బీచ్ రోడ్డులో ఓ హోటల్ హాలు తీసుకుని, విశాఖపట్నం ఉక్కపోతలో కోటు వేసుకుని, మనుషుల్ని లేపి చప్పట్లు కొట్టించి మళ్లీ కూర్చోబెడతాడు. "రొటీన్ బ్రేక్ చెయ్యాలి మావయ్యా! రోజూ ఒక కొత్త పని. మైండ్ ఫ్రెష్ అయిపోతాది" అని మావయ్యని అక్కడికి ఒక ఆదివారం లాక్కుపోయాడు.

సింహాద్రి మూడు సూత్రాలతో తిరిగొచ్చాడు. ఎడమచేత్తో పళ్లు తోముకోవాలి. రోజూ కొత్త వీధిలో నడవాలి. రోజూ కొత్త రుచి తినాలి. మొదటిది చిగురు గీసుకుపోయి మర్నాడే ఆగిపోయింది. కొత్త వీధిలో కుక్కలు తరిమేసరికి రెండోదీ అయిపోయింది. మూడోదాన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాడు, ఎందుకంటే దాన్ని చెయ్యాల్సింది వేరే మనిషి. సోమవారం కొర్రల ఉప్మా, మంగళవారం గోధుమరవ్వ ఇడ్లీ, బుధవారం ఇంకేదో, అదీ ఆ వారం ఏ షిఫ్టయితే ఆ వేళకి. మావయ్య మైండు ఫ్రెష్ అయింది. అత్త నడుం పట్టేసింది.

"బావా, నాకూ బోరు కొడతంది," అంది ఒకరోజు గౌరీశ్వరి. మేనత్త కొడుకే కాబట్టి చిన్నప్పటి పిలుపే ఉండిపోయింది.

సింహాద్రి నిజంగా ఆశ్చర్యపోయాడు. "నీకేటే బోరు? నువ్వు ఇంట్లోనే ఉంటావు కదేటి."

పక్కింటి ఫ్లోరా కూడా షిఫ్టుల మనిషే. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రిటైరైన మర్నాడు పొద్దున్నే చేసిన మొదటి పని, అలారం గడియారాన్ని చెత్తబండిలో పడెయ్యడం. తర్వాత కొన్నాళ్లు హాయిగా నిద్రపోయి, అదీ విసుగొచ్చాక రొయ్యల పచ్చడి పెట్టడం మొదలుపెట్టింది. పచ్చడి బ్రహ్మాండంగా ఉండేది. వచ్చిన చిక్కల్లా రొయ్యల దగ్గరే. ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట దగ్గర నిలబడి "కొంచెం చూడండమ్మా, ప్లీజ్" అనే మనిషికి ఎవరు మాత్రం మంచి సరుకిస్తారు? ఆసుపత్రి మర్యాద అక్కడ చెల్లలేదు. గౌరీశ్వరి కూరగాయల బండివాడితో మాట్లాడడం ఆవిడ గోడవతల నుంచి చాలాసార్లు వింది.

"పెళ్లై వచ్చిన కాణ్నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నావు కదా గౌరీ. హార్బర్‌కి బోట్లు రావడం ఎప్పుడైనా చూశావా?"

"ఎప్పుడు సూత్తానక్కా? ఆటికీ మా బావకీ ఒకటే టైము."

ఫ్లోరా గోడ పట్టుకుని నవ్వింది. "రేపు చీకటితోనే స్కూటీ తీస్తాను. వస్తే రా. లేదంటే మీ బావకి ఏ సజ్జలతోనో అట్లు పోసుకో."

"సజ్జలు నిన్ననే అయిపోనాయి," అంది గౌరీశ్వరి చాలా సీరియస్‌గా.

అది సి షిఫ్టు వారం. ఆమె లేచేసరికి సింహాద్రి సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ప్లాంటులో డ్యూటీ మీద ఏనాడూ కునుకు తియ్యలేదని ఎక్కడైనా ప్రమాణం చేసే మనిషి. ఆమె తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది. మల్కాపురం, సింధియా దాటుతుంటే గాలి చెవుల్లో హోరెత్తింది. ఫ్లోరా ఏదో చెబుతూనే ఉంది. ఆమెకి ఒక్క ముక్కా వినపడలేదు.

హార్బర్‌లో కాళ్లకింద ఐసు నీళ్లు. బోట్లలోంచి గంపలు దిగుతున్నాయి, కుప్పలు పడుతున్నాయి, కుప్ప చుట్టూ జనం, జనం మధ్యలో పాట పాడే అప్పాయమ్మ. రాళ్లు కూడా పక్కకి తప్పుకునేలాంటి గొంతు. గౌరీశ్వరి అన్నీ నోరెళ్లబెట్టుకుని చూస్తూ దారికి అడ్డంగా నిలబడిపోయింది.

"ఏటమ్మా, కొంటావా, సూత్తావా? ఇది సినిమా కాదు!" అంది అప్పాయమ్మ.

"సినిమా అయితే టికెట్టెట్టి మరీ నీ మొకం సూత్తానేటి?"

ఆ మాట ఎవరన్నారా అని గౌరీశ్వరే ఒకసారి వెనక్కి చూసింది. తనే అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. అప్పాయమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఎగాదిగా చూసింది.

"నోరుంది. మరి సెయ్యి ఆడతాదా? రొయ్యల కుప్ప పాడతన్నాను, నిలబడు."

నిలబడింది. పాడింది. ఒక హోటలు మనిషి అడ్డం పడితే, "ఐసు కింద నిన్నటి సరుకు దాసి అమ్మీ మొకానికి తాజా రొయ్యలెందుకు?" అని అతని మీద ఇంతెత్తున లేచింది. అతన్ని ఆమె జీవితంలో చూడలేదు. అతని దగ్గర ఐసు ఉందో లేదో కూడా ఆమెకి తెలియదు. అతను తెల్లబోయి నోరు తెరిచేలోగా పాట ముగిసింది. కుప్ప గౌరీశ్వరిది, డబ్బు ఫ్లోరాది.

ఇలాంటి క్షణానికి సాయిశంకర్ దగ్గర పెద్ద పేరేదో ఉండే ఉంటుంది, చప్పట్లు కూడా ఉంటాయి. గౌరీశ్వరికి ఆకలేసింది. అంతే. ఇంట్లో ఆకలికి టైము లేదు. మొగుడి షిఫ్టు దిగాక మిగిలింది తినడమే ఆకలి. ఇప్పుడు కడుపులో ఎవరో గిల్లినట్టయింది. గేటు పక్క బండి దగ్గర నిలబడి, పొగలు కక్కే పునుకులు అరచెయ్యి కాలుతుంటే తింది. ఇంకో పొట్లం కట్టించుకుని అదీ తింది.

"రేపు కూడా రా," అంది అప్పాయమ్మ వెళ్లబోతుంటే. "నువ్వొత్తే పాట పెరుగుతాది."

ఇంటికొచ్చేసరికి సింహాద్రి ఖాళీ కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ముందు పోలీసు కంప్లయింటు ఇద్దామనుకున్నాడట. తర్వాత ఆకలి వల్ల ఆగాడట.

"ఎక్కడికెల్లావు?"

"హార్బర్‌కి."

"హార్బర్‌లో ఏటుంది?"

"బోట్లున్నాయి."

"డ్యూటీలోంచి దిగి వచ్చిన మనిషికి టిఫిను లేదు! ప్లాంట్లో రిలీవర్ రాకుండా పోస్టు వదిలీసి ఎల్లిపోతే ఏటంతారో తెలుసా నీకు? మెషిను రన్నింగులో ఉంటాదే. మనం ఎల్లిపోతే అది ఆగుతాదా? రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ సేసీవోళ్లం, ఆకలైనా, జొరమైనా. ఛార్జి ఇచ్చీదాకా కదల్లేదు నాను. ఒక్కరోజు కదల్లేదు!"

ఇది ఆమెకి కొత్త కాదు. ప్లాంటు స్నేహితులు వచ్చినప్పుడల్లా టీలు అందిస్తూ విన్నదే. ఏ మెషిను నడుస్తోంది, ఏది ఆగింది, ఎక్కడ ఇబ్బంది ఉంది, వచ్చినవాడు అడగాలి, వెళ్లేవాడు చెప్పాలి, తీసుకున్నానని వచ్చినవాడు అనాలి. అప్పుడే వెళ్లేవాడు గేటువైపు చూడొచ్చు.

"మరి నా రిలీవర్ ఎవరు బావా?" అంది.

సింహాద్రి మేనల్లుడికి ఫోను కొట్టాడు, స్పీకరు పెట్టి.

"అత్తా, తప్పుగా అనుకోకు," అన్నాడు సాయిశంకర్ తేనె పూసిన గొంతుతో. "ఇంటికి ఇల్లాలే పునాది. పునాది కదిలితే ఇల్లు ఏమవుద్ది చెప్పు?"

"రొటీన్ బ్రేక్ సెయ్యాలని నువ్వే సెప్పినావంట కదా నాయనా?"

"అది మావయ్యకి అత్తా."

పునాది అని పొగిడేవాళ్లకి ఒక సుఖముంది. పునాది మట్టిలో ఉంటుంది, ఎదురుచెప్పదు, దాని మీద ఎంతమందైనా నిలబడొచ్చు. ఈ బిరుదుని గోడకో కిటికీకో ఇచ్చినవాణ్ని ఎవరూ చూసి ఉండరు.

ఆ పగలు కర్టెన్లు దించి, పప్పు చప్పుడు లేకుండా ఉడికించి, గౌరీశ్వరి ఆలోచించింది. రేపు వెళ్లకపోతే ఎల్లుండి వెళ్లదు. ఎల్లుండి వెళ్లకపోతే ఇక ఎప్పటికీ వెళ్లదు. ఫ్లోరా రెండు మూడుసార్లు పిలిచి ఊరుకుంటుంది. సింహాద్రి గెలిచానని కూడా అనుకోడు. అసలేమీ జరగలేదనుకుంటాడు. ఆమెకి అదే భరించరాకుండా ఉంది.

మర్నాడు వీధిలో స్కూటీ హారను మోగేసరికి పాలు పొయ్యి మీదున్నాయి. ఆమె వెళ్లి సోఫాలో ఉన్న మనిషి భుజం పట్టి గట్టిగా కుదిపింది.

"లే. ఛార్జి తీసుకో."

సింహాద్రి చటుక్కున లేచి కూర్చున్నాడు. కళ్లింకా తెరుచుకోలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"ఏటి రన్నింగు?"

"పాలు. సిమ్ములో ఉన్నాయి."

"స్టాపు?"

"కుక్కరు. పప్పు నానతంది."

"ట్రబులేటైనా?"

"రెండో బర్నరు సరిగ్గా మండట్లేదు. సూసుకోవాల."

"సరే, తీసుకున్నాను. ఎల్లు."

ఆమె వెళ్లింది. గేటు గొళ్లెం తీస్తుంటే లోపల నిద్ర పూర్తిగా వదిలినట్టుంది. "గౌరీ! ఒసే గౌరీ!" అని ఒక కేక వినపడింది. కేక వెనకాల మనిషి రాలేదు. పాలు పొంగుకొస్తున్నాయి. ఛార్జి తీసుకున్నానని తన నోటితో తనే అన్నాడు. రన్నింగులో ఉన్నదాన్ని వదిలి గడప దాటిన మనిషి కాదని తనే వందసార్లు గొప్ప చెప్పుకున్నాడు. ఇంకో మనిషైతే గ్యాసు కట్టేసి వెంటపడేవాడే. ఇతను గరిట పుచ్చుకుని పొయ్యి ముందు నిలబడిపోయాడు.

"ఏమంటున్నాడు?" అంది ఫ్లోరా.

"డ్యూటీలో ఉన్నాడు. నువ్వు పోనీ అక్కా."

మొదట్లో ఆ ఇంట్లో పాలు మాడాయి, ఇడ్లీలు విసిరితే కుక్కలు పారిపోయేలా వచ్చాయి, ఉప్మాలో ఉప్పు రెండుసార్లు పడింది. గౌరీశ్వరి వచ్చేసరికి ఆలస్యమైతే, "రిలీవర్ ఇంత లేటేటి?" అని విసుక్కునేవాడు. "డబుల్ సెయ్యి" అనేది ఆమె, చెప్పులు విప్పుతూ. అరవలేడు. ఆ రూలు ఆమె పెట్టింది కాదు. మెల్లగా సి షిఫ్టు మాయమైంది, రాత్రి మేలుకుంటే పొద్దున్న పొయ్యి ముందు కునుకొస్తోందని. తర్వాత బి కూడా పోయింది. ఏ షిఫ్టు ఒక్కటే మిగిలింది. పచ్చిమిరపకాయ తొడిమ తియ్యడం గురించి ప్లాంటు స్నేహితులకి ఫోన్లలో ఉపన్యాసాలు ఇవ్వసాగాడు.

ఇదంతా చూసి సాయిశంకర్ ఊరుకుంటాడా? మావయ్యని స్టేజీ ఎక్కించాడు. రిటైరయ్యాక రొటీన్‌ని బద్దలుకొట్టి వంటింట్లో కొత్త జీవితం మొదలుపెట్టిన మహానుభావుడు అన్నాడు. మళ్లీ ఒక శాలువా కప్పారు. సింహాద్రి ఆ సభలో పోపు గురించి మాట్లాడాడు. హాలు చప్పట్లు కొట్టింది. ఆయన్ని అక్కడికి తోసిన చెయ్యి ఎవరిదని ఒక్కడూ అడగలేదు.

ఆ తర్వాతి వారం, అప్పాయమ్మ రొయ్యల పాట ఎత్తుకుంటుండగా గౌరీశ్వరి ఫోను మోగింది.

"అత్తా, వచ్చే ఆదివారం మావయ్యకి మళ్లీ ప్రోగ్రాం ఉంది. పొద్దున్నే. నువ్వు కూడా వచ్చి రెండు ముక్కలు మాట్లాడాలి. ఆయన వెనకాల నువ్వున్నావని అందరికీ తెలియాలి కదా."

"ఎనకాల లేను నాయనా. హార్బర్‌లో ఉన్నాను."

"అది కాదత్తా, ఇన్‌స్పిరేషన్ అంటే..."

ఆ మాటల్లో పడి రొయ్యల కుప్ప హోటలు మనిషి ఎగరేసుకుపోయాడు. పోతూ పోతూ ఆమెని చూసి నవ్వాడు కూడా. గౌరీశ్వరి ఫోను కట్టేసి, మేనల్లుణ్ని నాలుగు తిట్టి, హోటలు మనిషికి ఇంకో నాలుగు దాచిపెట్టుకుని, పీతల కుప్పవైపు జనాన్ని తోసుకుంటూ నడిచింది.