నా చర్మం, మా చెల్లి మెదళ్ళు

మా చెల్లికి బెంగుళూరు ల్యాబులో పిల్లలున్నారని నేను ఎకసెక్కంగా అనేదాన్ని. ఎకసెక్కమేమిటిలెండి, కుళ్ళు. అచ్చమైన కడుపుమంట.

అక్కడ అది మూలకణాలతో చిన్నచిన్న మెదడు ముద్దలు పెంచేది. ఒక్కోటి పెసరగింజంత ఉంటుంది. రోగుల కణాలతో పెంచినవాటిని పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషివి కూడా కావాలంటే, నేనే వెళ్ళి కాగితాల మీద సంతకం పెట్టి, జబ్బ మీద రవ్వంత చర్మం కోయించుకుని వచ్చాను. ఆ చర్మాన్ని మూలకణాలుగా మార్చి, వాటినుంచి మెదడు పెంచారు. అంటే ఆ ముద్దలు నావే కదా!

కళింగపట్నంలో మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో లేచి, "మా సిన్నది పెంచుతున్న మెదళ్ల కోసరం ప్రార్థన సెయ్యండి" అని మనవి చేసేది. సంఘమంతా కళ్ళు మూసుకుని ఆమెన్ అనేది. అవి పెద్దదాని చర్మంలోంచి వచ్చాయని ఒక్క ముక్క చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? పక్కనే కూర్చుని ఉండేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్‌కి చెల్లి నాలుగు రోజులుంటానని వచ్చి, రెండో రోజే సంచి సర్దింది. చిన్నప్పుడు అమ్మ చేపలగంపతో ఊళ్ళు తిరుగుతుంటే దానికి గంజి పట్టింది, జడ వేసింది, బడికి దింపింది నేను.

"ఏటే, అప్పుడే ఎల్లిపోతన్నావా?"

"ల్యాబులో ముద్దల్ని సూసుకుంటానన్న పిల్లకి జొరం వచ్చిందట అప్పా. నేనెల్లి మీడియం, అదే ఆటి తిండినీళ్ళు, మార్చకపోతే అయి సచ్చిపోతాయి."

"ఇక్కడ నేను సచ్చినా ఇంత పరుగున వస్తావేటే?"

నవ్వింది. వేళాకోళమనుకుంది.

వేసవి ముందు ఒకరోజు ఫోన్ చేసి బావురుమంది. బూజు పట్టి నా ముద్దలన్నీ పోయాయట. దేవుడు క్షమించాలి, నాకు లోపల ఎంత హాయిగా ఉందో! అదీ కాసేపే. అది వెక్కిళ్ళు పెడుతుంటే మనసు ఆగలేదు. ఇక మళ్ళీ నేను కావాలి దానికి అన్న సంబరమూ కలిగింది, దాచుకోవడం దేనికి?

"ఊరుకోయే. రేపే బండెక్కుతాను. ఈసారి రెండో జబ్బ కోయించు. పది రోజులు నీకాడే ఉంటాను."

అది ముక్కు చీదుకుంది.

"వద్దే అప్పా, నీకంత కష్టమెందుకు? నీ కణాలు ఫ్రీజర్లో బోలెడున్నాయి. ఇంక నువ్వెప్పుడూ రానక్కర్నేదు."

నా మేలు కోరే అంది, పిచ్చిది. ఫోన్ పెట్టేసి, ఏ పాపమూ ఎరగని అమ్మ మీద గయ్యిమన్నాను.