పిలిస్తే దగ్గరికొచ్చిన జవాబు

దెయ్యాలున్నాయన్న ప్రతివాణ్ణీ సాక్ష్యం చూపమని వేదికల మీద నిలదీసినవాణ్ణి నేను. ఈసారి సాక్ష్యం నా చేతిలోనే ఉంది. ఏం చేయను!

కొవ్వూరు దగ్గర మా బెస్తవాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. వంతెన దగ్గర పడవ ఆపి కేక వేస్తారు. స్తంభానికి తగిలి కేక తిరిగొచ్చాకే తొలి వల వేస్తారు. భర్త గోదావరిలో మునిగిపోయాక నూకరత్నమే పడవ తీసింది. ఆమె కేకకు జవాబు మరీ తొందరగా వస్తోందని, చచ్చినవాడే పలుకుతున్నాడని పుకారు లేచింది. ఆమెను వేటకు రానివ్వడం మానేశారు. ఆమెకున్న ఆధారం ఆ పడవే.

నాకు ఒళ్లు మండింది. ప్రతిధ్వనికి దూరంతోనే గానీ మనుషులతో పనిలేదని కులపెద్దతో వాదించాను. కొలిచి చూపిస్తానన్నాను. ఏ అంకె వచ్చినా అందరి ముందూ చదువుతానని మాటిచ్చాను.

మర్నాడు పొద్దున ఎలక్ట్రానిక్ కౌంటరుతో ఆమె పడవెక్కాను. కులపెద్దా ఎక్కాడు. ముందూ వెనకా లంగర్లు వేసి పడవ కదలకుండా నిలిపాం. కేక పడగానే ఒక మైకు కౌంటరును నడిపిస్తుంది. స్తంభం వైపు తిప్పిన రెండో మైకు, జవాబు రాగానే ఆపుతుంది. మధ్య కాలం సెకనులో వెయ్యో వంతు వరకూ తెలుస్తుంది.

కులపెద్ద కేక వేశాడు. ఐదు వందలు, అంటే అర సెకను. నేను వేశాను. ఐదు వందలే! గెలిచామనుకున్నాను.

"ఇక నువ్వు కానియ్యమ్మా!" అన్నాను నూకరత్నంతో.

భర్త పేరు పలకకూడదు గనక ఆమె "మావా!" అని పిలిచింది.

నాలుగు వందల పది.

మళ్లీ పిలిచింది. రెండు వందల తొంభై. మూడోసారి నూట ఇరవై! స్తంభమే మా మీదికి నడిచొస్తున్నట్టు! లంగరు తాళ్లు బిగువుగానే ఉన్నాయి. వెంటనే నేను కేక వేస్తే మళ్లీ ఐదు వందలు!

ఒడ్డున జనం ఎదురుచూస్తున్నారు. మాటిచ్చాను కదా, అంకెలన్నీ గట్టిగా చదివాను. ఆమె బతుకు నా చేతులతోనే ముంచేశాననుకున్నాను.

కులపెద్ద తల గోక్కున్నాడు. "మనం పిలిస్తే ఆడు కదల్లేదు కదండీ మాస్టారూ! పెళ్లాం పిలిస్తేనే పరిగెత్తుకొస్తన్నాడు. బతికున్నప్పుడు ఇంత చురుకు లేదు ఎదవకి!"

నూకరత్నం ఏడుస్తూనే నవ్వేసింది. ఒడ్డంతా నవ్వింది.

"ఆడితో మనకేంటి బాధ? వలెయ్యమ్మా" అన్నాడాయన.

ఆమె వల వేసింది.

ఇంటికొచ్చి మైకులు, తీగలు, బ్యాటరీ అన్నీ విప్పి చూశాను. తప్పు దొరకలేదు. మరోసారి కొలుద్దామంటే నూకరత్నం ఒప్పుకోలేదు. "ఇంకా దగ్గరికొస్తే నేను తట్టుకోలేనండీ" అంది.

దెయ్యమని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆమె గొంతుకు మాత్రమే ఆ దూరం ఎందుకు తరిగిందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే రాస్తున్నాను.